మిల్లీమీటరులో పదో వంతు

పాత పెట్రోలు అంబాసిడర్ ఉన్నవాళ్లు మెకానిక్కుతో తరచూ అనే మాట ఒకటుంది: "రోడ్డెక్కితే బానే పోతోంది మేస్త్రీ, ఆగినచోటే ఆరిపోతోంది." హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు దాకా ఏ పేచీ పెట్టకుండా వచ్చిన కారు, ఊళ్లో మామిడికాయల ట్రాక్టరు వెనక ఆగగానే రెండుసార్లు వణికి ఊరుకుంటుంది. ముందు కార్బురేటర్ విప్పి ఊదుతారు. తర్వాత ప్లగ్గులు మారుస్తారు, పాయింట్లు రుద్దుతారు. ఇవన్నీ అయ్యాక కూడా వణుకు పోకపోతే అప్పుడు గుర్తొచ్చేది ఇన్‌టేక్ మానిఫోల్డ్.

కార్బురేటర్‌లో కలిసిన గాలినీ పెట్రోలునూ సిలిండర్ హెడ్ దాకా చేర్చే పోత గొట్టమే మానిఫోల్డ్. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. అరిగేది ఏమీ లేదు కాబట్టి చెడేదీ ఏమీ ఉండదని అందరూ అనుకుంటారు. నిజానికి ముప్పై, నలభై ఏళ్లు వేడెక్కుతూ చల్లారుతూ వచ్చిన ఆ పోత ముక్క కొద్దిగా వంకర పోతుంది. ఆ వంకర మిల్లీమీటరులో పదో వంతు ఉన్నా చాలు, బండి ఆగినచోటల్లా ఆరిపోవడానికి.

ఆక్స్‌ఫర్డ్ నుంచి ఆటోనగర్ దాకా

బ్రిటన్‌లో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే హిందుస్థాన్ మోటార్స్ చేతిలో అంబాసిడర్ అయింది. బెంగాల్లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 1950ల చివర మొదలైన తయారీ 2014 మే నెల దాకా సాగింది. ఎక్కువ కాలం దాన్ని లాగింది 1489 సీసీ బీ-సిరీస్ ఇంజిన్. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన ఈ కుటుంబంలోదే పేరుమోసిన ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇంజిన్ కూడా, కాకపోతే దాని సైజు 1798 సీసీ.

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు తోటల షెడ్లలో పరదా కప్పుకుని నిలబడ్డ పాత బండికి సామాను కావాలంటే చూసేది విజయవాడ ఆటోనగర్ వైపే. 1960ల్లో మొదలైన ఈ వాడలో లేతు పనివాళ్లు, పోత పనివాళ్లు, వెల్డర్లు, పాత సామాను కొట్లు పక్కపక్కనే ఉంటాయి. నూజివీడు నుంచి దూరం ఓ నలభై అయిదు కిలోమీటర్లు. ఆ పాత సామాను గుట్టల్లో దొరికిన మానిఫోల్డునైనా, షెడ్డులోని బండి నుంచి విప్పినదాన్నైనా మళ్లీ పనికి తేవడం సాధ్యమే. ఏ పని ఎందుకు చేస్తున్నామో తెలియాలి, అంతే.

ఆగినప్పుడే ఎందుకు?

కాలు యాక్సిలరేటర్ మీద లేనప్పుడు కార్బురేటర్‌లోని రేకు దాదాపు మూసుకుపోతుంది. పిస్టన్లు మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటాయి. దాంతో మానిఫోల్డ్‌లో పీడనం పడిపోతుంది. మంచి కండిషన్లో ఉన్న ఇంజిన్‌కి వాక్యూమ్ గేజి పెడితే 18 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. అంటే బయట ఉన్న గాలి పీడనంలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే లోపల ఉన్నట్టు.

లోపలి పీడనం బయటి పీడనంలో సుమారు 53 శాతం కన్నా తగ్గితే, సందులోంచి దూరే గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అంతకు మించి వేగం పెరగదు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో మెకానికల్ చదివే పిల్లలు కాగితం మీద వేసే లెక్కే ఇది. మానిఫోల్డ్ దగ్గర చెవి పెడితే వినిపించే బుస్సుమనే చప్పుడు ఆ గాలిదే.

లెక్క ఇంకాస్త ముందుకు తీసుకెళ్దాం. 1489 సీసీ ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, ఆ తక్కువ పీడనంలో అది పీల్చే గాలి బయటి కొలతలో నిమిషానికి సుమారు 200 లీటర్లు. మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి ఉంటే, దానిలోంచి దూరేది నిమిషానికి దాదాపు 60 లీటర్లు. ఆ గాలి కార్బురేటర్ మీదుగా రాలేదు కాబట్టి దానితో పెట్రోలు రాదు. ఒక పాలు పెట్రోలుకి బరువులో 14.7 పాళ్ల గాలి ఉంటే మంట సరిగ్గా సరిపోతుంది. అందులోకి పావు వంతుకు పైగా ఉత్తగాలి వచ్చి కలిస్తే మిశ్రమం పలచబడి కొన్ని సిలిండర్లు అంటుకోవు. అదే ఆ వణుకు.

రోడ్డెక్కి కాలు నొక్కితే రేకు తెరుచుకుంటుంది, లోపలి పీడనం బయటి పీడనం దగ్గరకు వచ్చేస్తుంది. ఇంజిన్ ఇప్పుడు నిమిషానికి రెండు వేల లీటర్ల దాకా పీలుస్తుంది. సందులోంచి లాగే బలం మాత్రం తగ్గిపోతుంది. లీకు అక్కడే ఉంటుంది కానీ దాని వాటా లెక్కలోకి రాదు. అందుకే బండి పరుగులో బాగుంటుంది, ఆగితే ఆరిపోతుంది.

మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే కంటికి కనపడదా అనిపించవచ్చు. దాని వైశాల్యం ఏడు చదరపు మిల్లీమీటర్లు. మానిఫోల్డ్ అంచు ఏడు సెంటీమీటర్ల పొడవున మిల్లీమీటరులో పదో వంతు ఎత్తుగా లేచినా వైశాల్యం అంతే. రంధ్రమైతే కనిపిస్తుంది, ఈ సందు కనిపించదు.

మామిడి రోజుల్లో ఇంకో నష్టం కూడా ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తోటల బాటల మీద ఎర్రమట్టి దుమ్ము లేస్తూనే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ ఎంత మంచిదైనా, దాన్ని తప్పించుకుని అంచు సందులోంచి దూరే గాలిని అది వడకట్టలేదు. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు నేరుగా సిలిండర్‌లోకి వెళ్లి రింగుల్ని అరగదీస్తాయి. స్లో (ఆగినప్పటి ఇంజిన్ తిరుగుడు) సరిగా నిలవకపోవడం ఇవాళ్టి ఇబ్బంది. రింగులు పోతే ఇంజిన్ బోరుకి వస్తుంది.

నాలుగు సిలిండర్లకు రెండే దారులు

బీ-సిరీస్ హెడ్‌కి ఒక వైపే అయిదు రంధ్రాలుంటాయి. రెండు లోపలికి, మూడు బయటికి. ఒకటో, రెండో సిలిండర్లకు కలిపి ఒకే ఇన్‌టేక్ దారి. మూడు, నాలుగుకి కలిపి ఇంకొకటి. ఫైరింగ్ వరుస 1-3-4-2. ఈ వరుసలో రెండో సిలిండర్ పీల్చడం పూర్తవుతూ దాని వాల్వు ఇంకా మూసుకోకముందే ఒకటో సిలిండర్ వాల్వు తెరుచుకుంటుంది. మూడూ నాలుగుల మధ్యా ఇదే తంతు. ఒకే బోదె మీద ఆధారపడ్డ రెండు చేల సంగతి మన రైతులకు తెలిసిందే. పై చేను మడవ కట్టకముందే కింది చేను మడవ తీస్తే నీళ్లు సమానంగా పారవు.

ఈ లోపం డిజైన్‌లోనే ఉంది. అన్నీ బాగున్నప్పుడు ఇంజిన్ దాంతో సర్దుకుపోతుంది. కానీ ఒక దారి దగ్గర అంచు లీకైతే ఒకేసారి రెండు సిలిండర్లు దెబ్బతింటాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి వరుసగా పెట్టినప్పుడు 1, 2 తెల్లగా, 3, 4 మామూలు గోధుమరంగులో కనిపిస్తే, అనుమానం ముందువైపు దారికీ హెడ్‌కీ మధ్య ఉండే ప్యాకింగు మీద పెట్టుకోవాలి.

జీపు నడిపేవాళ్లకు ఒక మాట. పాత విల్లీస్ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ పోత ఇనుమువే, ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. తర్వాత వచ్చిన సీజే-3బీ ఇంజిన్‌లో ఇన్‌టేక్ దారి హెడ్‌లోనే పోతగా కలిసిపోయింది. విడిగా మానిఫోల్డే లేదు కాబట్టి ఈ వ్యాసంలోని సగం బాధలు ఆ బండికి లేవు.

వేడి కావాలి, వద్దు

పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. మిశ్రమంలోని పెట్రోలంతా ఆవిరైతే గాలి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలకు పైగా దిగుతుంది. చలిదేశాల్లో పుట్టిన ఇంజిన్‌కి ఇది పెద్ద చిక్కు. గోడలకు పెట్రోలు చెమ్మలా పట్టి, సిలిండర్లకు అందకుండా ఉండిపోతుంది. అందుకే ఆనాటి ఇంజనీర్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను మండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే కూర్చోబెట్టారు. కింది వేడి పై గొట్టానికి తగిలి పెట్రోలు ఆవిరయ్యేది.

మే నెలలో నలభై మూడు డిగ్రీల ఎండలో ఇదే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలెడతాయి. ఇంజిన్ ఆపాక ఎగ్జాస్ట్ వేడి పైకెక్కి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలును మరిగిస్తుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ఓ పట్టాన అందుకోదు. దీనికి విరుగుడుగానే కార్బురేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య వేడిని ఆపే మందపాటి దిమ్మ పెట్టారు. ఆ పక్కనే ఒక రేకు కూడా ఉండవచ్చు. "ఇదెందుకులే" అని వాటిని పక్కన పారేసిన బండ్లు ఎన్నో. పాత మానిఫోల్డు కొనేటప్పుడు ఆ దిమ్మ, రేకు ఉన్నాయో లేవో అడిగి మరీ తీసుకోవాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇంకో ముడి వేసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల ఆ ఇంధనానికి కావలసిన గాలి 14.7 నుంచి సుమారు 13.5 పాళ్లకు తగ్గుతుంది. పాత జెట్లు ఉన్న కార్బురేటర్ ఇచ్చే మిశ్రమం ఆ మేరకు పలచనే అవుతుంది. ఉన్నదే పలచన అయినప్పుడు చిన్న లీకు కూడా పెద్దదిగా బయటపడుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి కదలని బండిలో ఆ తడి అల్యూమినియాన్ని తినేస్తుంది. తోట షెడ్డులోని కారు మానిఫోల్డ్‌లో తెల్లటి పొడి కనిపిస్తే కారణం ఆ తడే కావచ్చు.

విప్పాక మొదటి పని

విప్పగానే గొట్టాల్లోకి లైటు వేసి చూడాలి. తోటల మధ్య షెడ్లలో మూత లేకుండా పడి ఉన్న మానిఫోల్డ్‌లో కందిరీగ మట్టిగూడు ఉండటం వింత కాదు. ఎలుకలు ఈడ్చుకొచ్చిన వరిగడ్డి ముక్కలూ ఉండొచ్చు. ఒక్క మట్టి బెడ్డ వాల్వు కింద ఇరుక్కున్నా పని మళ్లీ మొదటికి వస్తుంది.

అల్యూమినియం పోతను కిరసనాయిల్లోనో డీజిల్లోనో ఒక రాత్రి నానబెట్టి, నైలాన్ బ్రష్షుతో తోమి, సబ్బునీళ్లతో కడగడం చాలు. ఇంజిన్ బ్లాకులు ఉడకబెట్టే కాస్టిక్ సోడా తొట్టిలో మాత్రం వేయకూడదు. ఇనుముకు అది హాని చేయదు. అల్యూమినియాన్ని మాత్రం కరిగించేస్తుంది, హైడ్రోజన్ వాయువును వదులుతుంది. తొట్టిలోంచి బుడగలు ఎగసిపడుతుంటే శుభ్రమవుతోందని మురిసిపోవద్దు, లోహం కరిగిపోతోందని అర్థం.

శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే బయటికి కొత్తదానిలా కనిపిస్తుంది. కానీ పోత రంధ్రాల్లో, వంపుల్లో చిక్కుకున్న ఇసుక తర్వాత ఇంజిన్‌లోకే వెళ్తుంది. తప్పదనుకుంటే అన్ని మూతులూ గట్టిగా మూసి బయటివైపు మాత్రమే చేయించాలి, ఆపైన లోపలంతా ఒత్తిడి నీళ్లతో కడగాలి. లోపల అద్దంలా నునుపు చేయించడం వల్ల కార్బురేటర్ బండికి పెద్ద లాభం లేదు. కాస్త గరుకు ఉన్న గోడ మీద పెట్రోలు చెమ్మ పలచగా పరుచుకుని త్వరగా ఆవిరవుతుంది.

చదును చూసే తీరు

ఇప్పుడు అసలు పని. హెడ్‌కి ఆనే ముఖాల్ని ప్యాకింగు ముక్కలు లేకుండా శుభ్రం చేసి, నిఖార్సైన స్టీలు అంచును వాటి మీద పొడవునా, మూలకూ మూలకూ అడ్డంగా పెట్టాలి. ఫీలర్ గేజిలో 0.1 మిల్లీమీటరు రేకు ఎక్కడైనా దూరితే ఆ మానిఫోల్డ్‌కి ఫేసింగ్, అంటే ముఖాన్ని చదును చేయడం, అవసరం.

బీ-సిరీస్‌లో ఒక కిటుకుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ అంచులు పక్కపక్కనే ఉండి, కొన్ని స్టడ్డుల దగ్గర ఒకే మందపాటి వాషరు రెండింటినీ కలిపి నొక్కుతుంది. వాటిలో ఒక అంచు రెండోదానికన్నా పల్చనైతే, వాషరు ఎత్తుగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. నట్టు ఎంత బిగించినా రెండోది వదులుగానే ఉండిపోతుంది. వేరే కారు నుంచి తెచ్చిన ఇన్‌టేక్‌ను మన ఎగ్జాస్ట్ పక్కన పెట్టినప్పుడూ, ఒకదాన్ని మాత్రమే ఫేసింగ్ చేయించినప్పుడూ జరిగేది ఇదే. అందుకే వెర్నియర్‌తో రెండు అంచుల మందం ప్రతి వాషరు దగ్గరా కొలవాలి. తేడా ఉంటే మందంగా ఉన్నదాన్ని వాషరు ఆనే వైపు నుంచి తగ్గించాలి.

ఇన్‌టేక్ ఒక్కటే కొద్దిగా వంకరైతే దళసరి అద్దం మీద తడి ఎమరీ కాగితం పరిచి చేత్తోనే సరిచేయవచ్చు. ముఖానికి నీలం రంగు పూసి నాలుగైదు రుద్దులు రుద్దితే ఎత్తు ఉన్నచోట రంగు పోతుంది, పల్లంలో మిగులుతుంది. రంగు అంతటా సమానంగా పోయేదాకా పని సాగాలి. రెండు మానిఫోల్డులూ వంకరైతే ఆటోనగర్‌లో సర్ఫేస్ గ్రైండింగ్ ఉన్న షాపుకి తీసుకెళ్లడమే మేలు. రెండింటినీ కలిపి చదును బల్ల మీద పెట్టి బిగించి, ఒకే పట్టులో ఫేసింగ్ చేయమని అడగాలి. విడివిడిగా చేస్తే ఒక్కొక్కటి చదునుగానే ఉంటుంది, కలిపితే మెట్టు వస్తుంది.

పగులు, వెల్డింగు

పగుళ్లు పట్టడానికి పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. అనుమానమున్న చోట ఒకవైపు కిరసనాయిలు పూసి, రెండోవైపు సుద్దపొడి రాసి వదిలేస్తే, పగులు ఉన్నచోట తడి గీత తేలుతుంది. ఇంకా నమ్మకంగా చూడాలంటే మూతులన్నీ రబ్బరు, రేకులతో మూసి, కొద్దిపాటి గాలి ఒత్తిడి పెట్టి నీళ్లలో ముంచి బుడగల కోసం చూడాలి.

అల్యూమినియం వెల్డింగు అందరికీ కుదరదు. లోహం కరిగేది 660 డిగ్రీల దగ్గర. పైనున్న ఆక్సైడ్ పొర కరగడానికి రెండు వేల డిగ్రీలు దాటాలి. పైగా ఇనుములా ఎర్రబడి ముందే సూచన ఇవ్వదు, ఉన్నట్టుండి జారిపోతుంది. ఏసీ కరెంటుతో చేసే ఆర్గాన్ వెల్డింగులో కరెంటు దిశ మారే ప్రతిసారీ ఆ పొర కొంత కొంత విరుగుతుంది. దశాబ్దాలుగా నూనె పీల్చిన పాత పోతను ముందు వేడిచేసి ఆ నూనెను కాల్చేయకపోతే వెల్డు నిండా బుడగలే మిగులుతాయి. వెల్డయ్యాక ముఖం మళ్లీ వంకర పోతుంది కనుక ఫేసింగ్ ఎప్పుడూ వెల్డింగు తర్వాతే.

బిగించే వరుస

అల్యూమినియం ఇనుము కన్నా రెండింతలు వ్యాకోచిస్తుంది. ముప్పై సెంటీమీటర్ల పొడవున్న మానిఫోల్డు అరవై డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.4 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని వెనక ఉన్న ఇనుప హెడ్ అదే వేడికి 0.2 కూడా సాగదు. ప్రతిసారీ ఆ తేడా ప్యాకింగు మీద రాపిడై పడుతుంది. అందుకే పాత ప్యాకింగు మళ్లీ వాడకూడదు, స్టడ్డు రంధ్రాలు స్టడ్డు కన్నా కాస్త పెద్దవిగానే ఉండనివ్వాలి. ప్యాకింగు కిటికీ హెడ్ రంధ్రం కన్నా చిన్నదిగా ఉంటే దాని అంచు గాలికి అడ్డం వస్తుంది. బిగించే ముందే పట్టి చూసుకోవాలి.

నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ చివరలకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఎగ్జాస్ట్ వైపు ఇత్తడి నట్లు వాడితే ఇనుప స్టడ్డుకు తుప్పుతో అతుక్కోవు. ఒకసారి ఇంజిన్ బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి బిగింపు చూడాలి. ఆఖరి పరీక్షకు పెట్రోలూ వద్దు, కార్బురేటర్ స్ప్రే కూడా వద్దు. పక్కనే ఎగ్జాస్ట్ బాగా కాలుతుంటుంది. స్లోలో ఉన్న ఇంజిన్ మీద అంచుల వెంట నీళ్లు సన్నగా చిమ్మితే చాలు, లీకు ఉన్నచోట ఇంజిన్ చప్పుడు మారుతుంది.

పాతది నిలుపుకోవడం ఎందుకు?

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, తన తొలి రూపంలోనే ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, నమోదు పదేళ్లు చెల్లుతుంది. పెద్ద మార్పులు చేసిన బండికి ఈ వీలు లేదు. 1970ల మొదట్లో వచ్చిన అంబాసిడర్లు ఇప్పుడు ఆ వయసుకు చేరాయి. వాటి అసలు భాగాలు పాత ఇనుము బేరానికి పోకుండా చూసుకోవడానికి ఇది చాలినంత కారణం.

కాబట్టి మీ తోట షెడ్డులో అలాంటి బండి ఉంటే, ఈ వేసవిలో కార్బురేటర్ మార్చే ముందు మానిఫోల్డ్ అంచు కొలిపించండి. పగులు చేయి దూరేంత పెద్దదైతేనో, అంచు తుప్పు తిని సగమైతేనో వేరేది వెతుక్కోండి. మిగతా అన్ని సందర్భాల్లో ఒక రోజు పని, కొత్త ప్యాకింగు, ఒకే పట్టులో చేసిన ఫేసింగ్ సరిపోతాయి. మెరుగు పెట్టించాలన్న సరదా ఉంటే అది ఆ తర్వాతి సంగతి.